ముందు పెద్దాయన

మా అత్తగారి చేతిలో టేపు ఉన్నప్పుడు ఆవిడతో మాట్లాడకూడదు. పెళ్లయిన కొత్తలో ఆ సంగతి తెలియక, "అత్తయ్యా, టీ తెమ్మంటారా?" అని గుమ్మంలోంచి కేకేశాను. ఆవిడ తాబేలు మెడ దగ్గర టేపు కొస బొటనవేలితో నొక్కిపట్టి, రెండో కొసని చిప్ప మీదుగా తోక దాకా లాగుతున్నారు. నా కేకకి ఆ తాబేలు బుస్సుమని తల లోపలికి లాక్కుంది. ఆవిడ టేపు తీసేసి నా వైపు తిరిగారు.

"నీ నోట్లో నువ్వుగింజ నానదా అమ్మాయ్? పొద్దుట్నించీ బతిమాలితే ఇప్పుడు తల బయటపెట్టింది."

"నేనేమన్నా పామునా, దడుచుకోడానికి?"

"పామైతే అది దడుచుకోదు" అన్నారు.

అత్త మంచి, వేము తీపు లేదని ఊరికే అన్నారా! ఆ ఆవిడతోనే నేను అన్నేళ్లు పనిచేశాను. మా ఆయన ఆ తాబేళ్లున్న జంతువుల తోటలోనే గడ్డి, ఆకులు తెచ్చే బండి నడిపేవారు. అత్తగారు తాబేళ్లని కొలిచేవారు. ఆవిడకి టేపు అవతలి కొస పట్టుకునే మనిషి కావాల్సి వచ్చింది, కోడలు దొరికింది. చిప్పలు కొలిచే ఇంటికి పిల్లనిచ్చారని మా వాళ్లని అందరూ ఎగతాళి చేశారు. "చివరికి మీ పిల్ల చేతికి చిప్పే వచ్చిందన్నమాట" అన్నది మా పెద్దమ్మ. నిజమే కదా, ఏం అంటాను?

తాబేళ్ల శాల పొడుగ్గా, తక్కువ ఎత్తులో, చీకటిగా ఉండేది. ముందు గదిలో దీపాల వేడి కింద తొట్లలో పిల్లలు, తర్వాతి గదిలో పడుచువి, ఆ తర్వాత నడివయసువి. అన్నిటికీ వెనక, గడ్డి పరిచిన గదిలో ఒక్కటే ఒక్కటి. దాన్ని అందరూ పెద్దాయన అనేవారు. ఏ వయసులో తాబేలు ఎంత ఎదుగుతుందో తెలుసుకోవడానికి పెట్టిన శాల అది. లోపలికి అడుగుపెడితే తడి గడ్డి వాసన, గోడలకి చిప్పలు రాసుకునే చప్పుడు. ఎవరో తీరిగ్గా గిన్నె తోముతున్నట్టు ఉండేది. చప్పుడు వినిపించినంతసేపూ బాగానే ఉండేది గానీ, ఒక్కోసారి అన్నీ ఒకేసారి ఆగిపోయేవి. అప్పుడు మాత్రం నాకు వెన్ను జలదరించేది.

అత్తగారికి ముందు ఆ పని చేసినాయన్ని గోనెసంచి తాత అనేవారు, మోకాళ్ల కింద గోనెసంచి వేసుకుని కొలిచేవాడట. ఆయన దగ్గర నేర్చుకున్న పద్ధతులేవీ అత్తగారు దాటేవారు కాదు. ఒకే చేయి, ఒకే టేపు. చేయి మారితే నొక్కుడు మారుతుంది, నొక్కుడు మారితే కొలత మారుతుంది. తూకాన్ని నమ్మకూడదు, నీళ్లు తాగినా బరువు పెరుగుతుంది. అన్నిటికంటే పెద్ద నియమం, ముందు పెద్దాయన్ని కొలవాలి. ఆయన్ని కొలవకుండా ఏ పిల్ల మీదా టేపు వెయ్యకూడదు.

"ఎందుకత్తయ్యా? ఆయన ఎదగడం మానేసి ఎన్ని తరాలైందో. కొలిచిందే కొలవడమెందుకు?" అని అడిగాను ఒకసారి.

"పెద్దాయన కదే! ఇంటికెళ్తే పెద్దవాళ్లని పలకరించకుండా పిల్లల్ని ఎత్తుకుంటామా?"

మర్యాద కాబోలు అనుకున్నాను. ఆవిడా అంతే అనుకున్నారు.

పెద్దాయన్ని కొలవడం చూడాల్సిందే. వెనక కాలి మడతలో, మెత్తటి చర్మం దగ్గర వేళ్లతో మెల్లిగా రాస్తే, ఆ కొండంత శరీరం కొంచెం కొంచెంగా పైకి లేచేది. నాలుగు కాళ్లూ నిటారుగా చేసి, మెడ సాగినంత సాచి, కళ్లు సగం మూసి, ఒళ్లు మరిచి అలా నిలబడిపోయేవాడు. రాసే చేయి ఉన్నంతసేపూ కదిలేవాడు కాదు. అత్తగారి చేతికి లేచినట్టు నా చేతికి లేచేవాడు కాదు. నేను రాస్తే ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకునేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఇంకో మాట చెప్పాలి. ఆ మాట మీదే నా బతుకంతా ఆధారపడిన రోజులు వచ్చాయి. ఒక పిల్ల వరుసగా రెండు కొలతల్లో ఏమాత్రం ఎదగకపోతే అత్తగారు గొంతు తగ్గించి, "ఆగింది" అనేవారు. అంతే. మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. "అదిగో, శుభ్రంగా ఆకు నములుతుంటే!" అన్నాను. ఆ వారంలోనే అది తొట్లో కాళ్లు బయటికి చాపి పడి ఉంది. మళ్లీ ఇంకోటి, అలాగే. "పిల్ల ఆగితే పోతుంది, పెద్దది ఆగితే ఉంటుంది. అంతేనే, అందులో మాయేం లేదు" అనేవారు ఆవిడ. మాయ లేదంటే సరిపోతుందా? మామగారు జబ్బుపడ్డప్పుడు రోజూ పొద్దున్నే ఆయన జబ్బ చుట్టూ టేపు చుట్టి చూసేవారు. ఒకరోజు కొలిచి, వంటింట్లోకొచ్చి, మాట్లాడకుండా టేపుని వేళ్లకి చుట్టుకుంటూ నిలబడ్డారు. పక్క గదిలో మామగారు కుళాయి కారుతోందని నామీద చిరాకుపడుతూనే ఉన్నారు. కుళాయి బాగుచేయించేలోపే ఆయన పోయారు.

అప్పట్నించీ ఆవిడ టేపుని వేళ్లకి చుట్టుకుంటే నా గుండె గుభేలుమనేది.

నాకు మొదటి కాన్పు నిలవలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కానింగు తెర వంక చాలాసేపు చూసి, "ఎదుగుదల ఆగిందమ్మా" అంది. సరిగ్గా అదే మాట. పక్కనే నిలబడ్డ అత్తగారు నా చేయి పట్టుకున్నారు. నేను విదిలించుకున్నాను. ఆవిడ తప్పేముంది? ఏమీ లేదు. అయినా విదిలించుకున్నాను.

రెండోసారి నెల తప్పాక, కడుపు కాస్త కనబడేసరికి ఆవిడ టేపు పట్టుకుని నా గదిలోకి వచ్చారు.

"నేనేమన్నా తాబేలునా అత్తయ్యా?"

"ఊపిరి వదిలి నిలబడు. మాట్లాడకు."

మొదట్లో కోపం వచ్చింది. తర్వాత్తర్వాత, నిజం చెప్పొద్దూ, ఆ కొలత కోసం ఎదురుచూసేదాన్ని. ప్రతిసారీ అంకె కొంచెం పెరిగేది. ఆవిడ పైకి చదివేవారు. మా ఆయన ఇంటికి రాగానే చెప్పేదాన్ని. "మా అమ్మ దగ్గర మార్కులు తెచ్చుకోవడం నావల్ల కాలేదు, నా బిడ్డ పుట్టకుండానే తెచ్చుకుంటోంది" అని మురిసిపోయేవారు ఆయన.

ఒకే చేయి, ఒకే టేపు అన్నాను కదా. నాకూ తాబేళ్లకీ ఆ గుడ్డ టేపే. "తాబేటి ఒంటిమీద ఏమేం పురుగులుంటాయో నీకేం తెలుసు? అది అలాగే తెచ్చి నీ కడుపుకి చుడతానా?" అని శాల నుంచి వచ్చిన ప్రతిసారీ దాన్ని పాత గిన్నెలో సలసలా మరిగించేవారు. ముడతలు పడకుండా ఉండాలని, స్నానాల గదిలో మేకుకి తగిలించి, కింది కొసకి పెద్ద ఇనుప కత్తెర కట్టి ఆరబెట్టేవారు. తలుపు తీస్తే చాలు, ఆ కత్తెర ఎదురుగా మెల్లిగా గిరగిరా తిరుగుతూ ఉండేది. "ఏంటమ్మా అది, ఉరి తీసినట్టు?" అన్నారొకసారి మా ఆయన. అత్తగారు ఆయన నోటి మీద కొట్టినంత పని చేశారు.

ఐదో నెల నడుస్తుండగా పెద్దాయన కాలు వాచింది. వాపు తగ్గేదాకా ఆయన్ని ఎవరూ కదపవద్దని పశువుల డాక్టరు గారు వెనక గది మూయించారు. అదే రోజుల్లో, మేం పటకారు అని పిలుచుకునే పెద్ద ఇనుప కొలత సాధనం మర వదులైపోయి బాగుకి వెళ్లింది. ఇక మిగిలింది టేపే. కొలతల రోజున అత్తగారు ఆ మూసిన తలుపు ముందు నిలబడి, "పెద్దాయనా, ఈసారికి ఏమనుకోకు" అని చెప్పి వచ్చారు. మూగజీవానికి క్షమాపణలేమిటని నాకు నవ్వొచ్చింది.

మొదటి పిల్లని కొలిచి ఆగారు. మళ్లీ కొలిచారు. అంకె చెబితే పలక మీద రాద్దామని నేను సుద్దముక్క పట్టుకుని చూస్తున్నాను. ఆవిడ చెప్పలేదు. దాన్ని దింపి రెండోది తీశారు, మూడోది తీశారు. ఆ తొట్టి అయ్యేసరికి ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆగింది" అన్నారు.

"ఏది?"

"అన్నీ."

పిల్లలు ఆకులు కొరుకుతూనే ఉన్నాయి. తర్వాతి గదికి వెళ్లాం. అక్కడ ఆగడం కూడా కాదు, తగ్గాయి. "చిప్ప తగ్గడమేంటత్తయ్యా? అదేమన్నా ఉతికితే కుదించుకుపోయే చొక్కానా?" అన్నాను. ఆవిడ ఇంకోదాని మీద టేపు వేశారు. గోడలకి చిప్పలు రాసుకునే చప్పుడు అప్పుడే ఆగిపోయింది. దీపాలు మాత్రం సన్నగా గీ పెడుతున్నాయి. అన్ని తలలూ మా వైపే తిరిగి ఉన్నట్టు అనిపించింది. నేను కడుపు మీద చెయ్యి వేసుకుని గబగబా బయటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే నన్ను కొలిచారు. ఒకసారి కొలిచి, తీసి, నేను ఊపిరి వదిలాక మళ్లీ కొలిచారు. ఏమీ చదవలేదు. టేపుని వేళ్లకి చుట్టుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయారు.

నేను వెంటపడ్డాను. "అంకె చెప్పండి."

"పొయ్యి మీద పాలున్నాయే."

"మండిపోనీ పాలు! మామగారికీ ఇలాగే చెప్పలేదు. నాకు చెప్పండి!"

ఆవిడ నా వైపు చూడలేదు. "తగ్గింది" అన్నారు.

ఆ క్షణం నుంచి నాకు లోపల ఏ కదలికా తెలియలేదు. అంతకుముందు రోజు దాకా చేపపిల్ల తోక ఆడించినట్టు ఏదో ఉండేది. అది ఉందో, నేను ఊహించుకున్నానో కూడా అర్థం కాలేదు. మా ఆయన బండి తాళాలు పట్టుకుని, "ఆసుపత్రికి పదవే, ఇప్పుడే" అన్నారు. నేను కదల్లేదు. ఆ గదిలో, ఆ తెర ముందు, ఆ మాట ఇంకోసారి వింటే నేను బతకను అన్నాను. ఆయన బతిమాలారు, అరిచారు, చివరికి తల పట్టుకుని కూర్చున్నారు. అత్తగారు గుమ్మంలో కూలబడ్డారు, వేళ్లకి టేపు అలాగే ఉంది. దాన్ని చూసేసరికి నాకు పిచ్చికోపం వచ్చింది.

"అంతా మీ చేతిలోనే ఉంది! మీరు కొలిచిందల్లా పోతుంది. మామగారు పోయారు, పిల్లలు పోయాయి. ఇప్పుడు నా బిడ్డని కొలిచారు!" అన్నాను.

ఆవిడ ఎదురుచెబుతారనుకున్నాను. ఆవిడ తన చేతుల వంక చూసుకుని, "నాకూ అలాగే అనిపిస్తోందే" అన్నారు.

అది విన్నాక ఇంట్లో ఉండలేకపోయాను. ఆ టేపుని ఆవిడ వేళ్ల మీంచి లాక్కుని శాల వైపు నడిచాను. పాత గడ్డి తగలబెట్టే గుంట శాల వెనకే ఉంది. అందులో పారేద్దామని నా ఉద్దేశం. మిట్టమధ్యాహ్నం, శాలలో పురుగు లేదు. గుంటకి వెళ్లాలంటే వెనక గది పక్కనుంచే పోవాలి. మూసి ఉండాల్సిన తలుపు కొంచెం తెరిచి ఉంది. లోపల గడ్డి కదిలిన చప్పుడైంది.

తొంగిచూశాను. పెద్దాయన నిలబడి ఉన్నాడు.

ఎవరూ లేరు. వాచిన కాలుతో సహా నాలుగు కాళ్లూ నిటారుగా చేసి, మెడ సాగినంత సాచి, కళ్లు సగం మూసి నిలబడి ఉన్నాడు. వెనక కాలి మడతలో చర్మం మెల్లిగా అదురుతోంది, ఏవో వేళ్లు అక్కడ రాస్తున్నట్టు. నా ఒళ్లంతా చెమట పట్టింది. పారిపోవాలని ఉన్నా లోపలికే అడుగు వేశాను. ఆయన మెడ నా వైపు తిరిగింది. నా కడుపుకి జానెడు దూరంలో తల ఆగింది. ముక్కులోంచి ఊపిరి చీర మీద వెచ్చగా తగులుతోంది.

అంత భయంలోనూ నా నోరు ఊరుకోలేదు. "నువ్వొక్కడివే తక్కువయ్యావా? నిన్నూ కొలుస్తా ఉండు. నువ్వూ పో!" అన్నాను. ఏడుస్తూనే టేపు ఆయన మీద వేశాను. మెడ దగ్గర బొటనవేలు, తోక దాకా లాగడం, అన్నీ అత్తగారు చేసినట్టే.

పెద్దాయన అంకె ఆ శాలలో అందరికీ ఇంటి నంబరులా నోటికొచ్చు. ఆ అంకె రాలేదు. రెండు వేళ్ల మేర తక్కువ వచ్చింది.

పెద్దాయన తగ్గాడు. మళ్లీ వేసి చూశాను, అంతే. తర్వాత, ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, బుర్రలో మా అత్తగారి గొంతే వినబడింది. పెద్దది ఆగితే ఉంటుంది. గోనెసంచి తాత కొలిచినప్పుడు ఎంతో, ఆయన ముందువాళ్లు కొలిచినప్పుడు ఎంతో, ఈయన అంతే. ఇంత రాయిలాంటి చిప్ప ఒక్క నెలలో రెండు వేళ్లు తగ్గుతుందా? ఆయన మారకపోతే మారింది ఎవరు?

చేతిలో ఉన్న టేపుని చూశాను. కింది కొస దగ్గర గుడ్డ పలచబడి, అవతలి వెలుతురు కనబడుతోంది. స్నానాల గది, మేకు, గిరగిరా తిరిగే కత్తెర. మరిగించి మరిగించి, తడి మీద బరువు కట్టి వేలాడదీస్తే గుడ్డ సాగదూ? టేపు సాగితే అంకె తగ్గదూ? ముందు పెద్దాయన అంటే మర్యాద కాదు. ఆయన మీద వేసి చూసుకునేది టేపునే. ఎవరో తెలివైనవాళ్లు పెట్టిన పద్ధతి, కారణం దారిలో ఎక్కడో జారిపోయి మర్యాద మాత్రం మా దాకా వచ్చింది. గడ్డిలో కూలబడి నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. తలెత్తి చూసేసరికి పెద్దాయన కూడా ఎప్పుడో దిగిపోయి కళ్లు మూసుకున్నాడు.

ఇంటికి పరుగులాంటి నడక నడిచాను. మా ఆయన దర్జీ కొట్టు నుంచి కొత్త టేపు తెచ్చారు. రెండూ పక్కపక్కన మేకుకి తగిలిస్తే పాతది కిందికి దిగిపోయి వేలాడింది. అత్తగారు దాన్ని చూసి నెత్తిన కొట్టుకున్నారు. "మంచికి పోతే చెడెదురైందే తల్లీ! నీకేం అంటుకోకూడదనే కదే మరిగించాను!" అన్నారు.

అప్పటికీ నాకు ధైర్యం చాలలేదు. టేపు తప్పని తేలింది గానీ, లోపల బిడ్డ ఉందని ఎవరు చెప్పారు? ఆసుపత్రి గదిలో ఈసారి నేనే అత్తగారి చేయి పట్టుకున్నాను. డాక్టరమ్మ తెర మా వైపు తిప్పింది. గుర్రం పరిగెత్తినట్టు టకటకా చప్పుడు. "బాగా ఎదుగుతోందమ్మా" అంది. మామగారు పోయినప్పుడు కూడా ఏడవని మా అత్తగారు ఆ గదిలో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చారు. నేను అన్న మాటకి క్షమించమని అడిగితే, "నోరు ముయ్యి, చప్పుడు విననీ" అన్నారు.

కొత్త టేపుతో శాలంతా మళ్లీ కొలిచాం, ముందు పెద్దాయనతో మొదలుపెట్టి. పిల్లలన్నీ ఎదిగాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ నిజంగానే ఆగింది. ఆ వారం అది పోయింది.

ఆ రోజు వెనక గది తలుపు ఎవరు తీశారో ఎంత ఆరా తీసినా తేలలేదు. "మీరేమన్నా నా వెనకే వచ్చి ఆయనకి రాశారా?" అని అత్తగారిని అడిగాను. "నేను గుమ్మంలోంచి లేస్తే కదే" అన్నారు. కాసేపటికి, బియ్యంలో రాళ్లు ఏరుతూ, మామూలుగానే అన్నారు: "గోనెసంచి తాత కొలవడానికి ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే వచ్చేవాడు."

మా చిట్టిది పుట్టింది. ఆ ఇంట్లో అత్తగారి టేపు తగలని ప్రాణం అదొక్కటే. బడిలో పిల్లల ఎత్తు కొలుస్తుంటే ఆవిడ బయటికి వెళ్లి నిలబడ్డారట. "నువ్వూ కొలవకు. అది ఎదిగితే గౌను చెబుతుంది" అనేవారు నాతో. ఆ గౌన్లు పొట్టివైనప్పుడల్లా ఆవిడ మొహం చూడాలి! మొన్న చలికాలంలో నిద్రలోనే పోయారు. ఆవిడ లేకపోతే ఇల్లు ఇంత బోసిపోతుందని, ఇంత దెబ్బలాడుకున్నదాన్ని, నేను అనుకోలేదు.

తర్వాత వచ్చిన కొలతల రోజున చిట్టిదాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. అది తోవంతా వాగుతూనే ఉంది. వెనక గది తలుపు తియ్యగానే నోరు మూసుకుని నా కొంగు పట్టుకుంది.

పెద్దాయన నిలబడి ఉన్నాడు. మెడ చాచి, కళ్లు సగం మూసి, ఒళ్లు మరిచి. కాలి మడతలో చర్మం అదురుతోంది, అలవాటైన చేయి తీరిగ్గా రాస్తున్నట్టు. చిప్పల చప్పుడు శాలంతా ఆగిపోయింది.

భయం వేసింది. లేదని ఎందుకు చెప్పాలి? దాంతోపాటే, ఎప్పట్లాగే, ఒళ్లూ మండింది. గొంతు సవరించుకున్నాను.

"అత్తయ్యా, మీ చేతిలో పనున్నప్పుడు మాట్లాడకూడదని తెలుసు. అయినా చెబుతున్నాను. ఒకే చేయి ఉండాలన్నది మీరే కదా. ఇక ఆ చేయి నాది. తప్పుకోండి" అన్నాను.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత పెద్దాయన మెల్లిగా, గడ్డి అణిగే చప్పుడుతో, కిందికి దిగాడు. నేను వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని కాలి మడతలో రాశాను. ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు. మళ్లీ లేచి నిలబడ్డాడు.

చిట్టిది అవతలి కొస పట్టుకుంది. నేను అంకె చూసి, ఎవరు వింటున్నా వినబడేలా, గట్టిగా చదివాను. అదే అంకె. తర్వాత పిల్లల గదికి వెళ్లాం.